వైపర్లు ఆడించప్పా

మా చిన్నాయన ఏ మాటకైనా జవాబు చెప్పేముందు తలెత్తి ఆకాశం దిక్కు చూసేవాడు. పెండ్లి సంబంధం గురించి అడిగినా అంతే, కాఫీ తాగుతావా అన్నా అంతే. మాకు ఒళ్లు మండేది. కంబదూరులో వానను నమ్ముకొని శెనక్కాయ పెట్టేవాళ్లకు మెడ అట్లా అలవాటు పడిపోతాదేమో.

మా అక్క నర్సు. పల్లెలు తిరిగే పని. స్కూటీ మీదినుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాక, సెకండ్ హ్యాండ్ చిన్న కారు చూద్దామని చిన్నాయనను తోడు తీసుకొని అనంతపురం పోయినాం. ఒక తెల్ల కారు అందరికీ నచ్చింది. ఇంజను, టైర్లు, కాగితాలు అన్నీ బాగుండాయి. అక్క స్టీరింగు వదలడం లేదు. అదే కారు కోసం ఇంకెవరో గేటు కాడ కాచుకొని ఉండారు.

"వైపర్లు ఆడించప్పా" అన్నాడు చిన్నాయన.

అవి సగం దాకా లేచి ఆగిపోయినాయి.

అమ్మేవాడు నవ్వినాడు. "ఈడ వాన యాడ పడతాదన్నా?"

"అవి బాగుచేసినాకే బేరం."

గేటు కాడివాళ్లు కారు దగ్గరికే వచ్చేసినారు. అక్కకు కోపం ఆగలేదు.

"వాళ్లు తీసుకొని పోతారు చిన్నాయనా! ఆయప్ప చెప్పింది నిజమే కదా, పోయినేడు పంటకు ఒక్క చినుకన్నా పడిందా?"

చిన్నాయన తలెత్తి చూసినాడు. మబ్బు తునక లేదు. అయినా చానాసేపు చూసినాడు.

"పడదనుకుంటే, నేను ఏటేటా విత్తనం ఎందుకు పెడతాండానమ్మా?"

అక్క స్టీరింగు వదిలి కారు దిగింది.