నేను దారిచ్చిన రోజు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో దొడ్డబళ్ళాపురం వైపు, వాడకం ఆగిపోయిన ఒక ఎయిర్‌స్ట్రిప్ మీద ఆరు గంటల కార్ల రేసు పెట్టారు. కారుకి ఇద్దరు, మార్చుకుంటూ నడపాలి. మా కారుకి మహదేవపురలో షెడ్డున్న మెకానిక్ ఒకడు. రేసులే అతని బతుకు. రెండోవాణ్ణి నేను. వారమంతా కుందలహళ్ళి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. కారు ఖర్చు నేను పెట్టుకున్నాను కాబట్టి సీటు దొరికింది. అంతకు మించి నాకు ఏ అర్హతా లేదు.

మొదటి మూడు స్థానాల్లో వస్తే అతన్ని ఒక పెద్ద టీమ్ జీతానికి తీసుకుంటానంది. నాలుగేళ్ళుగా అతను ఆ పిలుపు కోసమే చూస్తున్నాడు. అయితే రేసుకి ఒక షరతు ఉంది. ఇద్దరిలో ప్రతి ఒక్కరూ కనీసం గంటన్నర నడపాలి. లేకపోతే ఆ కారు వచ్చిన స్థానం చెల్లదు.

పొద్దున హెల్మెట్ పెట్టుకోగానే నా నోరు ఎండిపోయింది. రెండుసార్లు వెళ్ళి కక్కుకుని వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాను? ఆఫీసంతా తిరిగి డప్పు కొట్టుకున్నాను కదా!

నా వంతు వచ్చినప్పుడు అతనే వంగి నా బెల్టులు బిగించాడు.

"అప్పా, ఒగటే మాట. యెనక నుంచి బిరీన వచ్చేటోనికి దారి ఇయ్యొద్దు. నీ గీతలో నువ్వు పో. యా పక్క నుంచి పోవల్లో వాడే చూసుకుంటాడు. అర్థమయిందా?"

అయిందన్నట్టు తల ఊపాను.

అర్థమవడం వేరు, అద్దంలో ఒక ఎర్రకారు పెరుగుతూ రావడం వేరు. నలభై నిమిషాల దాకా ఎలాగో నడిపాను. చేతులకు చెమటలు. ప్రతి మలుపు దగ్గరా దేవుడా దేవుడా అనుకోవడమే. అంతలో ఆ ఎర్రకారు లైట్లు వేసుకుంటూ నా వీపు మీదికి వచ్చేసింది. రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏం చేస్తానో అదే చేశాను. మర్యాదగా ఎడమకు తప్పుకున్నాను.

ఆ కారతను నన్ను దాటడానికి అప్పటికే ఎడమకు తిప్పేశాడు.

నన్ను తగలకుండా ఉండటానికి మట్టిలోకి దించేశాడు. కారు గిర్రున తిరిగింది. ఒక్క దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. చంపేశాను అనుకున్నాను. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎలా మా మెకానిక్ ఉన్న చోటికి వచ్చి కారు ఆపానో ఇప్పటికీ గుర్తులేదు.

దేవుడి దయ, ఎర్రకారతనికి గోరంత గాయం కూడా కాలేదు. కాసేపటికి హెల్మెట్ చంకలో పెట్టుకుని నా కారు దగ్గరికే నడిచి వచ్చాడు. చెంప పగులుతుందని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి రెండు చేతులూ జోడించి ఉన్నాడు. నా కారుకి రెండడుగుల అవతలే ఆగిపోయాడు.

"సార్, కై ముగితీని. నంగె దారి బిడబేడి," అన్నాడు. దారి ఇవ్వొద్దని దండం పెడుతున్నాడు!

అంతవరకూ అక్కడ భయపడుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. నన్ను చూసి భయపడేవాళ్ళు ఉంటారని తట్టనేలేదు.

మా మెకానిక్ కిటికీలోకి తొంగి చూశాడు. "ఇంగా యాభై నిమిషాలుండాది నీకు. మనం నాలుగో నెంబర్లో ఉండాం. మెల్లగా పోయినా సరే, మిగిలింది నేను లాగుతా. పోతావా అప్పా?"

పోతానందామనే నోరు తెరిచాను. కానీ వచ్చిన మాట వేరు. "నా వల్ల కాదు. పొద్దున్నించీ భయంగానే ఉంది," అని ఏడ్చేశాను. ముప్ఫై రెండేళ్ళవాణ్ణి, అందరి ముందూ ఏడ్చాను.

అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక్కొక్క బెల్టూ విప్పి, చెయ్యి పట్టి నన్ను దింపాడు. నిదానంగా అన్నాడు.

"ఆ మాట పొద్దున్నే చెప్పింటే ఇంగొగర్ని ఎక్కించుకొనుంటి గదప్పా."