ఎర్రబొట్టు సీసాలు

పైడమ్మ నత్తలంక పంచాయతీలో వార్డు మెంబరు. సీటు ఆడవాళ్ళకు వచ్చింది కాబట్టి ఆమె నిలబడి గెలిచింది. మీటింగులకు మాత్రం భర్త నాగదుర్గారావు వెళ్ళేవాడు. కొల్లేట్లో వల వేసుకు బతికే ఇల్లు అది. ఆ ఏడు వలలో చేపలకన్నా కూల్‌డ్రింకు సీసాలే ఎక్కువ పడ్డాయి. చిరిగిన వల బాగుచేసుకోవడంతోనే నాగదుర్గారావుకి పొద్దు సరిపోతుండటంతో ఒకసారి మీటింగుకి పైడమ్మే వెళ్ళాల్సి వచ్చింది.

ఆ రోజు ఏలూరు నుంచి ఆఫీసరుగారు వచ్చి ఒక పద్ధతి చెప్పారు. సీసా కొన్నప్పుడు రెండు రూపాయలు అదనంగా కట్టాలి, ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ రెండూ వెనక్కిస్తారు. రాష్ట్రమంతా ఇలాంటి చట్టం కావాలని పంచాయతీలు తీర్మానించి పంపాలన్నారు. సర్పంచి బాపిరాజుగారు తీర్మానం చదివారు. అందరూ చేతులెత్తారు. చప్పట్లయ్యాక, తాగేసిన నీళ్ళ సీసాలు కిటికీలోంచి కాలవలోకి వెళ్ళాయి.

"మంచి పనే కదండీ, రేపే మొదలెట్టేద్దామా?" అంది పైడమ్మ.

"మనం ఇచ్చింది మద్దతమ్మా. మద్దతు వేరు, చెయ్యడం వేరు," అన్నారు బాపిరాజుగారు మెత్తగా.

"మద్దతిచ్చాక చేస్తే తప్పాండీ?"

ఆఫీసరు ఎదురుగానే ఉన్నారు. బాపిరాజుగారికి కాదనడానికి వీల్లేకపోయింది.

ఊళ్ళో కూల్‌డ్రింకులు అమ్మేది సూర్యనారాయణ ఒక్కడే. కొట్టు మూయించడానికే ఇదంతా అని మొదట లబోదిబోమన్నాడు. కొద్దిరోజులకే ఒక సంగతి కనిపెట్టాడు. సీసా తిరిగిచ్చేందుకు వచ్చినవాడు ఉత్తచేతులతో పోవడం లేదు, ఇంకోటి కొనుక్కు పోతున్నాడు. అప్పట్నించి పర్యావరణం గురించి అతనంత బాధపడిన మనిషి ఊళ్ళో లేడు. పక్షుల్ని చూడ్డానికొచ్చినవాళ్ళు పారేసిన సీసాల్ని కూడా జనం దోనెల మీద వెళ్ళి ఏరుకొచ్చారు.

ఆ మాట పక్కూరు కోడిగూడెం దాకా పాకింది. అక్కడి పాతసామాన్ల గంగరాజు ఆటో నిండా బస్తాలేసుకుని దిగాడు. ఏలూరు కల్యాణమండపాల సీసాలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక బస్తాకి డబ్బిచ్చి, రెండో బస్తా చూసేసరికి సూర్యనారాయణ పైడమ్మ ఇంటికి పరిగెత్తాడు.

"మెంబరుగారండీ, జిల్లా అంతా శుభ్రపడేట్టుందండీ. నేనే తుడిచిపెట్టుకుపోతున్నాను!"

బాతులు మేపేవాళ్ళు మందలు కలిసిపోకుండా రెక్కలకి రంగు పూస్తారు. పైడమ్మకి అది గుర్తొచ్చింది. కొట్టులో అమ్మే ప్రతి సీసా అడుగునా గోళ్ళరంగుతో ఎర్రబొట్టు పెట్టించింది. బొట్టుంటేనే డబ్బులు. గంగరాజు ఆటో వెనక్కి తిప్పాడు. మిగిలిన బస్తాల్ని పొలిమేర దగ్గర కాలవలో కుమ్మరించిపోయాడు. ఆ కాలవ నత్తలంక వైపే పారుతుంది.

దాంతో పైడమ్మ కోడిగూడెం పంచాయతీకి వెళ్ళింది. సర్పంచి సువర్ణగారు కుర్చీ వేయించి, టీ ఇప్పించారు.

"మీ పనికి మా సంపూర్ణ మద్దతుందండీ. నిన్ననే తీర్మానం కూడా చేశాం."

"మద్దతు మా ఊళ్ళోనూ బోలెడుందండీ. మీ కొట్లలో బొట్టు పెట్టించండి చాలు."

"చట్టం రానివ్వండమ్మా, తప్పకుండా పెట్టిద్దాం."

తిరిగి వస్తూ గట్టు మీద ఆగి, సీసాలు తేలుతున్న కాలవకేసి చూసింది. ఎవరూ కాదనని పని ఇంత కష్టమేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ తర్వాత కోడిగూడెంలో కొట్టు నడిపే యేసమ్మ తనంతట తానే వచ్చింది. ఎర్రబొట్టు సీసాలు ఏరిన తమ ఊరివాళ్ళంతా వాటిని ఇచ్చి నత్తలంకలోనే సరుకులు కొనుక్కుంటున్నారట, ఆమె బేరాలు పడిపోయాయట.

"నాకూ ఆ పద్ధతేదో చెప్పండమ్మా. మీది ఎరుపు కదా, నేను సీసాలకి పచ్చరంగు బొట్టు పెడతా."

ఆమెని చూసి ఇంకో కొట్టువాడు నీలం పెట్టాడు. కాలవలో సీసాలు తగ్గాయి. గంగరాజు కూడా పాతసామాన్లతోపాటు రంగురంగుల బొట్ల సీసాలు ఏరి, ఏ కొట్టువి ఆ కొట్టుకి చేర్చడం మొదలెట్టాడు. చట్టం ఇంకా రాలేదు. కోడిగూడెం పంచాయతీ మాత్రం ఇదంతా తమ తీర్మానం ఫలితమేనని ఆఫీసుగోడ మీద పెద్దక్షరాలతో రాయించుకుంది.

"రాయించుకోనివ్వండి," అంది పైడమ్మ భర్తతో. "ఆ గోడ చూసైనా రేపు ఈ పని మానేస్తామనలేరు."