మిక్సీలో పోసిన బార్లీ

2011లో మేము ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో ఉండేవాళ్ళం. నాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, నా భార్యకు హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం. పాపకు అప్పటికి పది నెలలు. రీడింగ్ అనే ఊరికి మారిపోతున్న స్నేహితుడొకడు ఇల్లు ఖాళీ చేస్తూ, మూతున్న ప్లాస్టిక్ బకెట్టు, ఒక అట్టపెట్టె నిండా ఖాళీ సీసాలు, ఒక బీరు కిట్ నా కారులో పెట్టి వెళ్ళాడు.

కిట్ అంటే మరేం కాదు, పెద్ద డబ్బాలో నల్లటి పాకం. బార్లీ రసాన్ని ఫ్యాక్టరీలో చిక్కగా కాచి పోసి ఉంచుతారు. దాన్ని వేడినీళ్ళలో కలిపి, కిలో చక్కెర వేసి, చల్లారాక ఈస్ట్ పొట్లం చల్లి, మూత పెట్టి రెండు వారాలు ఆగితే చాలు. మొదటి సీసా తెరిచినప్పుడు నురగ పొంగి నా చొక్కా తడిసింది. ఆ రోజంతా నేను నేల మీద లేను.

నాలుగో డబ్బాకు ఆ సంబరం తగ్గిపోయింది. డబ్బా మీద బొమ్మ మారుతోంది గాని లోపలి రుచి మారడం లేదు. అన్నిట్లోనూ కోసి వదిలేసిన ఆపిల్ తొక్క వాసన.

"ఇదేం వంటప్పా, ప్యాకెట్ నూడుల్స్ జేసినట్ల నీళ్ళు పోసి కలిపేది?" అంది నా భార్య. ఆమె తాగదు. శనివారం నేను ఒక గ్లాసు తాగితే వద్దనేది కాదు, అంతే. కానీ ఆ మాట నాకు గట్టిగానే తగిలింది.

మా పక్కింట్లో డెబ్భై దాటిన పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళుగా తోటలోని షెడ్డులో గింజల నుంచి బీరు చేస్తాడని వీధిలో అందరికీ తెలుసు. ఒకరోజు కంచె మీదుగా నా సీసా ఒకటి అందించాను. వెలుతురుకు ఎత్తి చూసి, సగం గ్లాసు తాగాడు.

"ఎలా ఉంది?"

"చల్లగా ఉంది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కిందటి చలికాలం వచ్చిన ఫ్లూతో వాసన పూర్తిగా పోయిందట. ఏ బీరు తాగినా చేదు నీళ్ళేనట. తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడట జీపీ, అంటే ఆయన్ని చూసే డాక్టరు. అప్పటి నుంచి సామానంతా షెడ్డులో టార్పాలిన్ పట్టా కింద పడేసి ఉంది.

"నాకు నేర్పిస్తారా?" అని అడిగేశాను.

ఆయన గ్లాసు కంచె మీద పెట్టాడు. "చేయడం నేర్పుతాను. బాగా వచ్చిందో లేదో మాత్రం నాకు తెలీదు. అది నువ్వే చెప్పాలి" అన్నాడు.

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, నలగ్గొట్టినది, ఐదు కిలోలు తెప్పించమన్నాడు. నేను చూసుకోకుండా నలగ్గొట్టనిది తెప్పించాను. ఆ సంగతి ఆయనతో చెప్పడానికి సిగ్గుపడి, ఊరి నుంచి తెచ్చుకున్న మిక్సీలో విడతలు విడతలుగా పోసి తిప్పాను. మెత్తగా వచ్చేసరికి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం పొద్దున ఆయన షెడ్డులో మొదలుపెట్టాం. పిక్నిక్‌కి తీసుకెళ్ళే ఐస్ పెట్టెకు ఆయన అడుగున కొళాయి బిగించి ఉంచాడు. అందులో వేడినీళ్ళు, బార్లీ కలిపి, అరవై ఆరు డిగ్రీల దగ్గర గంటసేపు మూత పెట్టాం. ఆ గంటలోనే గింజలోని పిండి చక్కెరగా మారుతుందట. తర్వాత కొళాయి తిప్పితే తియ్యటి రసం ధారగా రావాలి. రెండు చుక్కలు రాలి ఆగిపోయింది.

ఆయన మూత తీసి, గరిటెతో ఇంత పైకెత్తి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "దీన్ని ఎందులో ఆడించావు?"

చెప్పక తప్పలేదు. అప్పుడే నా భార్య పాపను చంకనేసుకుని వచ్చింది. పెట్టెలోకి తొంగిచూసి, "పొట్టంతా పొడి జేస్తివి గదా. ఇంక నీళ్ళు యాడ పోతాయి?" అంది.

ఆమె తెలుగులో అన్న మాటనే ఆయన ఇంగ్లీషులో అన్నాడు. పొట్టే వడపోత, అది పోతే అంతా జిగురు.

సంచిలో మిగిలిన గింజ ఒకటి తీసి కొరికి, ఆమె కళ్ళు పెద్దవి చేసింది. "ఇది మన రాగిమాల్ట్ మాదిరే గదా! నానబెట్టేది, మొలక గట్టించేది, ఎండబెట్టేది. పాపకు నేను జేసేది ఇదే!" వెంటనే ఇంటికి వెళ్ళి, పెసలు మొలకకట్టే పలచని గుడ్డ తెచ్చింది. ముగ్గురం చేతులు కాలుతుంటే మధ్యాహ్నం దాకా పిండుతూనే ఉన్నాం. పాప కుర్చీలో కూర్చుని చెంచాతో బకెట్టు వాయించింది.

"వాసన ఎలా ఉంది?" పెద్దాయన నన్ను అడిగాడు.

"బాగుంది."

"బాగుంది అనేది వాసన కాదు."

ఇంకా ఈస్ట్ పడలేదు, అది ఉత్త తియ్యటి రసమే కాబట్టి నా భార్య చెంచాతో తీసుకుని రుచి చూసింది. "వేయించిన పెసరపప్పు వాసన. బాణలి దించిన వెంటనే వస్తుందే, అది. దాని వెనక కొంచెం తేనె" అని ఆయనకు ఇంగ్లీషులో చెప్పింది. పెసరపప్పు అంటే ఆయనకు తెలియదు. ఆమె మళ్ళీ ఇంటికి వెళ్ళి గుప్పెడు వేయించి తెచ్చింది. ఆయన ఒక్కో పలుకూ నమిలి, "కరకరలాడుతోంది. ఇంకా చెప్పు" అన్నాడు.

మరిగించి, ఈస్ట్ వేసి, కొన్ని వారాలు ఆగాక ఆ బీరు గంజిలా మసగ్గా వచ్చింది. కానీ తాగితే రొట్టె అంచు రుచి, నాలుక చివర కొద్దిగా చేదు. ఆపిల్ తొక్క జాడే లేదు. వంటింట్లో నిలబడి గ్లాసు ఖాళీ చేసి, ఇక డబ్బాల జోలికి పోకూడదనుకున్నాను.

తర్వాత గింజను పొట్టు చెడకుండా చిట్లించే చేతిమర ఆయన పట్టా కింద నుంచి తీసి ఇచ్చాడు. నెలకోసారి చేసేవాళ్ళం. హాస్పిటల్ డ్యూటీల పట్టికలో శనివారం సెలవు పడితే నా భార్యా వచ్చేది. బీరు పెదవికి తాకించేది కాదు గాని, సీసా తెరవగానే మొదటి వాసన ఆమెదే. ఒకసారి నేను బ్రహ్మాండంగా ఉందన్న బీరును పట్టుకుని, "మాగిన అరటిపండు" అంది. "బకెట్టు వేడెక్కింది. మెట్ల కింద పెట్టు" అన్నాడు ఆయన తడుముకోకుండా. ఆ తర్వాత అరటిపండు వాసన రాలేదు. వాసన తెలియని మనిషి, తాగని మనిషి కలిసి నా బీరును సరిదిద్దుతుంటే, నేను గిన్నెలు కడుగుతూ కొంచెం అసూయపడ్డాను కూడా.

రెండో ఏడాది వసంతంలో ఒక శనివారం. రసం మరుగుతోంది. చేదు కోసం వేసే హాప్ పూలను నేను గిన్నెలోకి వదిలాను. కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డ పెద్దాయన, "ఎవరో గడ్డి కోస్తున్నట్టున్నారు" అన్నాడు.

బయట తుంపర పడుతోంది. ఎవరూ గడ్డి కోయడం లేదు. నేను, నా భార్య ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె గుప్పెడు పూలు అరచేతుల్లో నలిపి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"ఇప్పుడు, అంకుల్?"

"లేదు." కళ్ళు మూసుకున్నాడు. "లేదు… ఆఁ. ఉంది. పోయింది." బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఆమె చేతుల్ని అలాగే పట్టుకుని మళ్ళీ మళ్ళీ పీల్చాడు. రసం పొంగి పొయ్యి మీద పడుతున్నా ముగ్గురిలో ఎవరమూ కదల్లేదు.

తర్వాత నెలల్లో ఉల్లిపాయ వచ్చింది, కాఫీ వచ్చింది. రొట్టె వాసన మాత్రం రాలేదు. జీపీ ఇంకా ఆశ ఉందన్నాడట.

ఆ వేసవిలో మాకు చెప్పకుండా ఆయన ఒక్కడే ఒక బీరు చేసి, సీసా పట్టుకుని మా తలుపు తట్టాడు. నా భార్య మూత తీసి వాసన చూసి ఇబ్బందిపడింది. నా వైపు చూసింది. చివరికి చెప్పేసింది.

"కొంచెం మాడింది, అంకుల్."

ఆయన మొహం వెలిగిపోయింది. "తెలుసు! గిన్నె అడుగంటుతుంటే నాకే వాసన వచ్చింది!"