నడిచే ఉల్లి

మన్సూరాబాద్‌లో కిరాయికుండే అండాలమ్మ డాబా మీద పెయింటు డబ్బాలో ఒక వింత ఉల్లిని పెంచుతుంది. దానికి కాడ కొసన చిన్న చిన్న గడ్డలు కాస్తాయి. ఆ బరువుకు కాడ మెల్లగా వంగి, కొస మట్టిని తాకినచోట వేళ్లూనుకుంటుంది. కూరకు ఆమె మిగతా కాడలే తుంచుతుంది. వంగుతున్నదాన్ని ముట్టదు, పొద్దుటి ఎండలో చాయ్ చల్లారేదాకా, కలలో ఉన్నట్టు దాన్నే చూస్తూ కూర్చుంటుంది. ఇల్లు ఖాళీ చేసే రోజు డబ్బా ఎత్తబోతే, ఒక కాడ ఓనరమ్మ గులాబీ కుండీలోకి వంగి నాటుకుపోయి ఉంది. "పీకేసి పట్టుకెళ్లు అండాలమ్మా," అంది ఓనరమ్మ. "ఉండనియ్యమ్మా, అది ఈడ ఇల్లు కట్టుకున్నది," అంటూ అండాలమ్మ కాడను మధ్యకు తుంచి, డబ్బాను చంకన పెట్టుకుంది. సాయంత్రం కొత్త ఇంటి డాబా ఎక్కి, దాన్ని అక్కడి ఓనర్ల మందార కుండీకి ఆనించి దించింది.