మన్సూర్ చెవి

ఇందల్వాయి దగ్గర హైవే పక్కన మన్సూర్ పంక్చర్ షాపు, నా చాయ్ హోటల్ ఒకే గోడకు ఆనుకుని ఉండేవి. అతను ఎలాంటివాడని ఎవరడిగినా మంచివాడనే చెబుతాను. మంచివాడే. కానీ ఆ మొండితనం ఉంది చూడండి, తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

వయసులో ఉన్నప్పుడు అతను బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ముందు పనిచేశాడు. సీజన్ వచ్చిందంటే చెరకు లారీలు మైలు పొడవునా నిలబడేవి. ఇతను ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టుకుంటూ పోయి, శబ్దం విని, దేనిలో గాలి ఎంత తగ్గిందో చెప్పేవాడు. గాలి కొలిచే మీటరు పెట్టి చూస్తే సరిగ్గా అంతే ఉండేదట. పాతికేళ్లు ఆ చెవే అతనికి అన్నం పెట్టింది.

ఆ చెవే పోయింది. కంప్రెసర్ మోతో, లారీల హారన్లో, ఏదైతేనేం, 2005 నాటికి పక్కన నిలబడి పిలిచినా పలికేవాడు కాదు. పెదవులు చూసి జవాబిచ్చేవాడు. ఈ సంగతి నాకొక్కడికే తెలుసు. మీటరు వాడమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! మీటరు పట్టుకుంటే చెవి పోయిందని పదిమందికీ తెలిసిపోతుందని, ఇక షాపుకు ఎవరూ రారని అతని భయం. రాడ్డు కొట్టి, తల పక్కకు వంచి, విన్నట్టే నిలబడేవాడు. రాడ్డు ఎగిరే తీరును బట్టి చేతికి తెలిసినంత చెప్పేవాడు. మూడేళ్లు అలాగే నెట్టుకొచ్చాడు.

2008 జనవరిలో రాజమల్లు కారు తెచ్చాడు. మా ఊరివాడే, మా ఇద్దరికీ దోస్తు. బోధన్ ఆసామి బాపురావు దగ్గర డ్రైవరు. కారు బాపురావు కొత్తగా కొన్న విదేశీ బండి. ముందు టైరులో మేకు దిగింది.

మన్సూర్ చక్రం విప్పి, అలవాటుగా వాల్వు పక్కనే లీవరు దూర్చి టైరు లేపాడు. ఉస్తాద్ నేర్పిన పద్ధతి అది, ఎన్ని వేల టైర్లు అలా విప్పాడో. లోపల ఏదో టప్పుమంది. వాల్వు మొదట్లో అతికించి ఉన్న బొటనవేలంత నల్ల డబ్బీ పగిలిపోయింది. టైరులో గాలి ఎంతుందో కొలిచి డ్రైవరుకు చెప్పే యంత్రమట అది. అలాంటిదొకటి ఉంటుందని అప్పటికి మాలో ఎవరికీ తెలియదు. మన్సూర్ ఆ ముక్కలు తీసి పడేశాడు. వాల్వు బిగించాడు, పంక్చర్ వేశాడు, గాలి నింపి చక్రం ఎక్కించాడు.

రాజమల్లు చాయ్ తాగి బండి స్టార్టు చేశాడు. స్టీరింగు ముందర పసుపుపచ్చ లైటు వెలిగింది. గాలి తగ్గితే ఆ లైటు వస్తుందని సేటు బాపురావు చెప్పాడని అన్నాడు.

“ఆ డబ్బీ దీనిదే అయ్యుంటది. పలిగింది గద, అందుకే ఎలుగుతంది,” అన్నాడు మన్సూర్. రాడ్డు తెచ్చి టైరు మీద కొట్టాడు. “గట్టిగుంది, పో.”

ఆ శబ్దం నేను విన్నాను. మెత్తగా, చచ్చినట్టు ఉంది. వాల్వు దగ్గర గాలి జారుతున్న బుస కూడా వినిపించింది. చాయ్ కాచుకునే నాకే అర్థమైంది.

రాజమల్లు నావైపు తిరిగాడు. “నువ్వేమంటవ్ లక్ష్మీరాజమన్నా?”

బెంచీ మీద ఐదారుగురు కూర్చుని ఉన్నారు. మీటరు పెట్టమంటే మన్సూర్ పరువు వాళ్లముందే పోతుంది. మన్సూర్ చెప్పాక ఇక లైటుతో ఏం పని, పొమ్మన్నాను. నా నోరు పడిపోను.

నిజామాబాద్ చేరకముందే ఆ టైరు పేలింది. కారు వెళ్లి చెరకు ట్రాక్టరుకు గుద్దుకుంది. రాజమల్లు అక్కడికక్కడే చనిపోయాడు.

దినాలయ్యాక మన్సూర్ వాళ్లింటికి పోదామన్నాడు. రాజమల్లు భార్య శంకరమ్మ బీడీల చాట ముందు కూర్చుని ఉంది. మన్సూర్ ఎదురుగా తలదించుకుని కూర్చున్నాడు. ఆమె ఆకు కత్తిరిస్తూనే మెల్లగా అడిగింది.

“గాలి సూసినవా అన్నా?”

అతను కదల్లేదు. ఆమె మళ్లీ అడిగింది. అతను నేల చూస్తూనే ఉన్నాడు. నేను భుజం తట్టి, చెవి దగ్గర గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మన్సూర్ బోరున ఏడ్చాడు.

“సూసిన చెల్లె. నాకు ఇనవడలే.”

శంకరమ్మ కత్తెర కింద పెట్టింది. అతన్ని కాదు, నన్ను అడిగింది.

“ఎప్పటిసంది ఇనవడదు?”

“మూడేండ్లాయె.”

“నీకు ఎరుకేనా?”

“ఎరుకే.”

ఆమె లేచి లోపలికి వెళ్లి, మన్సూర్‌కు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నన్ను మాత్రం ఇంకెప్పుడూ తన గడప తొక్కొద్దని చెప్పింది.