టీచరమ్మకు తెలియని సంగతి

ఎనభైల మొదట్లో నేను ముసునూరు బడిలో టీచరుగా పనిచేస్తూ, నూజివీడులో ఒక మామిడికాయల వ్యాపారి ఇంటి వెనక భాగంలో అద్దెకుండేదాన్ని. నాకప్పుడు ఇరవై ఐదేళ్ళు. పెళ్ళి కాలేదు. అయినా ఆ ఇంటావిడా, పక్కనే వాళ్ళ పాకలో కాయలు సర్దే ఆడవాళ్ళూ ప్రతిదానికీ నన్నే సలహా అడిగేవారు. మొదట్లో నాకది బాగానే ఉండేది. ఇంటావిడ కూతుర్ని ఇంటర్లో ఏ గ్రూపులో చేర్చాలో క్షణం ఆలోచించకుండా చెప్పాను. ఆ అమ్మాయి మంచి మార్కులతో పాసయ్యేసరికి నా మాటకు విలువ పెరిగింది. అమ్మాయి కష్టపడి చదివిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం, పాకలో పనిచేసే ఒకామె వచ్చి నా గుమ్మంలో కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. పెట్టెల్లో గడ్డి పరిచి, రసాలు నలక్కుండా పేర్చడంలో ఆమె తర్వాతే ఎవరైనా. కాయల సొన తగిలి చేతుల మీద నల్లమచ్చలు పడ్డాయి.

"టీచరుగారూ, ఒక మాట అడుగుతానండి. ఎవరికీ చెప్పకండి."

ఆమెకు ముగ్గురు ఆడపిల్లలు. ఏలూరులో ఉన్న అక్కకు పిల్లల్లేరు. రెండో పిల్లను తనకిచ్చేయమని, చదివించుకుంటానని అక్క కబురు పెట్టిందట. పిల్లకు ఎనిమిదేళ్ళు.

"మా ఆయనేమో ఇచ్చేద్దాం అంటన్నాడు. మా అత్తేమో కన్నబిడ్డని ఎవరన్నా ఇచ్చుకుంటారా అని తిడతంది. మీరు చదువుకున్నోళ్ళు. ఇవ్వమంటారా, వద్దంటారా?"

"చదువు కదా, పంపించు" అనబోయాను. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే, నన్ను కూడా ఏడేళ్ళప్పుడు మా పెద్దమ్మకిచ్చారు. నూజివీడులో ఆ సంగతి ఎవరికీ తెలియదు. పెద్దమ్మ ప్రేమగానే పెంచింది. నేను టీచరునయ్యానంటే ఆవిడ చలవే. కానీ నన్నలా ఇవ్వడం మంచిదైందా కాదా అంటే మాత్రం నాకు తెలియదు. నా సంగతే తేల్చుకోలేనిదాన్ని, ఇంకో పిల్ల బతుకు గురించి ఏం చెప్పను?

"నాకు తెలియదు," అన్నాను.

"అదేంటండీ, మీకు తెలియకపోవడమేంటి?"

చెప్పడం ఇష్టం లేక తప్పించుకుంటున్నాననుకుని నొచ్చుకుంది. లేవబోయింది. అలా పంపడానికి మనసొప్పక, ఉన్న సంగతి చెప్పేశాను.

ఆమె మళ్ళీ కూర్చుంది.

"మీకెలా ఉండేదండీ?"

ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది.

"అక్కడ బాగానే ఉండేది. సెలవులకి మా ఇంటికి వచ్చినప్పుడే కష్టంగా ఉండేది. అమ్మ అందరికంటే ముందు నాకు వడ్డించేది. అక్కనీ చెల్లినీ తిట్టినట్టు నన్ను తిట్టేది కాదు. ఏదన్నా పని చేయబోతే, నువ్వు కూర్చోమ్మా అనేది. చుట్టాన్ని చూసినట్టు చూసేది."

ఈ మాట నేను మా అమ్మతో కూడా ఎప్పుడూ అనలేదు. అంతా విని, ఆమె లేచి కొంగుతో మొహం తుడుచుకుని, "వస్తానండీ" అని వెళ్ళిపోయింది.

ఆ వారమంతా నాకు స్థిమితం లేదు. నా మాట విని పిల్లను ఆపేస్తే, దాని చదువు నేనే పోగొట్టినట్టవుతుంది. తెలియదు అంటూనే సలహా ఇచ్చేశానేమోనని భయం పట్టుకుంది. ఉండబట్టలేక ఒకరోజు పాకలోకి వెళ్ళాను.

"పంపించేశానండీ," అంది పెట్టె ముందు నుంచి లేవకుండానే. "నిన్న హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి, మా అక్కతో బస్సెక్కించాను."

"నేనేదో అన్నానని నువ్వు..."

"మీరేం అన్నారండీ, తెలియదనే కదా అన్నారు. నేను ఒకటే అనుకున్నాను. సెలవులకొచ్చినప్పుడు దాన్ని కూర్చోబెట్టి మేపను. అంట్లు తోమిస్తాను. తప్పు చేస్తే నాలుగు తగిలిస్తాను." అంటూనే ఏడ్చేసింది. చేతిలో కాయను మాత్రం మెల్లిగానే గడ్డిలో పెట్టింది.

నేను చెప్పినదాంట్లోంచి ఆమె అది తీసుకుంటుందని నాకు తోచనే లేదు.

దసరా సెలవుల్లో పిల్ల వచ్చింది. పంపు దగ్గర బిందె వదిలేసి ఆడుకుంటోందని తల్లి వీధంతా వినబడేలా కేకలేసింది. "ఎప్పుడూ నేనేనా? అక్కకి చెప్పొచ్చుగా!" అని ఆ పిల్ల అంతకంటే గట్టిగా అరిచింది. బట్టలు ఆరేస్తున్న నేను అలాగే నిలబడిపోయి ఆ గొడవ చివరిదాకా విన్నాను.

మూడేళ్ళకు నాకు బదిలీ అయింది. అప్పటికి ఆ పిల్ల ఏలూరులోనే ఆరో తరగతిలోకి వచ్చింది. తల్లి ఆ కబురు సంతోషంగా చెప్పి, "మంచిపనే చేశానంటారా?" అని అడిగింది. అవునంటే పోయేది. కానీ ఆ మాట చెప్పగలిగింది ఆ పిల్ల ఒక్కతే. అదే అన్నాను. ఆమె తలూపి, "అది ఇప్పుడే ఎక్కడ చెబుతుందిలెండి," అని నవ్వి, పనిలోకి వెళ్ళిపోయింది.