కారం లేని సద్ది

ఈ సంగతి నేను ముందే రాయలేకపోవడానికి కారణం ఒకటే. అప్పటికి నాకు అక్షరాలు రావు. ముద్దనూరు పక్క పల్లెలో పుట్టాను. బడికి పోవలసిన వయసులో పత్తి తీయడానికి, చెనిక్కాయ పీకడానికి పోయాను. ఉద్యోగమంతా వేలిముద్రతోనే గడిచింది. రిటైరయ్యాక, ప్రొద్దుటూరులో మా వీధి చర్చి హాల్లో సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే వెళ్లి నేర్చుకున్నాను.

నేను పనిచేసింది జమ్మలమడుగులో ఒక ఆడపిల్లల హాస్టల్లో. మొదట కమాటిగా చేరాను. కూరగాయలు తరగడం, బియ్యం ఏరడం, దబరలు కడగడం కమాటి పని. పొయ్యి వంటమనిషిది. ఏ రోజు ఏం వండాలో చెప్పేది వార్డెన్. కొన్నేళ్లకు నేను వంటమనిషినయ్యాను. చెప్పబోయేది నేను రిటైరవడానికి ముందు వచ్చిన కార్తీకంలో జరిగింది.

ఆ ఏడు పిల్లలు టీవీలో అరకు వైపు పైన్ చెట్ల అడవి చూశారు. నిటారుగా నిలబడ్డ చెట్లు, వాటి మధ్య పచ్చిక, అందులో రోజంతా నడిచే మనుషులు. మనమూ అట్లా నడవాలని వార్డెన్ సులోచన మేడమ్ వెంట పడ్డారు. అరకు దూరమని ఆమె కొట్టిపారేసింది. అప్పుడు, హాస్టల్‌కు వచ్చిపోయే అటవీశాఖ వాచర్ సుబ్బన్న ఒక మాట చెప్పాడు.

"పైన్ చెట్లు నేను యాడ తెచ్చేది మేడమ్? మన కొండలో చండ్ర ఉంది, సీతాఫలం ఉంది. అది దాటి పైకి పోతే బోదగడ్డి బయలు. ఈ నెలలో ఆడపిల్ల నడుమెత్తు ఉంటాది. పొద్దున ఎక్కితే సాయంత్రానికి అవతల దిగొచ్చు."

అనుమతి తాను ఇప్పిస్తానన్నాడు. పైన చుక్క నీళ్లు దొరకవని కూడా అప్పుడే చెప్పాడు. పిల్లలు ఎగిరి గంతులు వేశారు. వంటగదిలో నేనూ చేస్తున్న పని ఆపి విన్నాను.

ఆ కొండ మా వంటగది కిటికీలోంచి కనిపిస్తుంది. అన్నేళ్లూ దాన్ని చూస్తూనే సంగటి గెలికాను, ఒక్కసారీ ఎక్కలేదు. విహారయాత్రల్లో మాకొక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం పిల్లలకు వేడి అన్నమే పెట్టాలి. అందుకని వంటమనిషి దబరలు, గ్యాసుబండ ఆటోలో వేసుకుని ముందే పోయి పొయ్యి వెలిగించాలి. గండికోటకు పిల్లలతో ఎన్నోసార్లు పోయాను. లోయ అంచుకు ఒక్కసారి కూడా పోలేదు, ఎసరు పొంగుతుందని.

ఈసారి ఆ పద్ధతే అడ్డం వచ్చింది. కొండ మీదికి ఆటో పోదు. కాబట్టి కొండ చుట్టూ తారురోడ్డు వెంట నడిపిస్తానని, సగం దారిలో నన్ను వండిపెట్టమని మేడమ్ అంది. పిల్లల మొహాలు చిన్నబోయాయి. రోడ్డు మీద నడవడానికి విహారమెందుకు?

నేను మేడమ్ గది దగ్గరికి పోయి, సద్ది కట్టిస్తానని, పొయ్యి అక్కర్లేదని చెప్పాను. ఎవరి మూట వాళ్లు మోసుకుంటే కొండ మీదికే పోవచ్చు. పొయ్యి లేకపోతే నేనూ నడవవచ్చని కూడా అన్నాను. ఆమె నవ్వలేదు. ఆదివారం బడి మైదానంలో పరీక్ష పెడదామంది. పొద్దున్నుంచి పిల్లలు మైదానం చుట్టూ నడవాలి, మధ్యాహ్నం ఆ సద్దే తినాలి. మనిషికొక పెద్ద సీసా నీళ్లు. సాయంత్రం దాకా ఆ నీళ్లు సరిపోతే కొండ, లేకపోతే రోడ్డు.

నేను పొంగిపోయి, నాకు తెలిసిన మంచి సద్ది కట్టాను. బాగా ఎండగట్టిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, వెల్లుల్లి వేసి నూరిన ఎర్రకారం. మా వైపు దారికి పోయేవాళ్లెవరైనా కట్టుకునేది అదే. పిల్లలు లొట్టలు వేసుకుంటూ తిన్నారు. కాసేపటికి ఒక్కొక్కరే సీసా ఎత్తి గటగటా తాగారు. ఎండ ఇంకా నడినెత్తి దిగకముందే అందరూ కొళాయి చుట్టూ మూగారు. దానికి మేడమ్ ముందే తాళం వేయించింది.

"దాహం మేడమ్, నాలుక కాల్తాంది!"

"కొండ మీద కొళాయి యాడుంది మే? సుబ్బన్న నెత్తిన పెట్టుకోనొస్తాడా?"

తాళం తీయించి, రోడ్డేనని చెప్పేసి ఆమె లోపలికి పోయింది. పదో తరగతి పిల్ల గంగాదేవి నా దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, నీ కారం శానా బాగుండాది. అదే మన కొంప ముంచింది," అంది. కోపంతో కాదు, నిజంగానే అంది.

ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. కారం లేకుండా సద్ది ఉంటుందని అప్పటిదాకా నాకు తోచనే లేదు. మేడమ్‌ను ఇంకొక్క అవకాశం అడిగాను. శనివారం దాకా గడువిచ్చింది.

ఈసారి రొట్టెలు ఎండగట్టలేదు. వేడినీళ్లతో పిండి కలిపి మెత్తగా కాల్పించి, బెల్లం, నువ్వుల పొడి పెట్టి చుట్టించాను. పక్కన ఉప్పు చల్లని కీరదోస. తర్వాత మనిషికి రెండు చీనీకాయలు, అంటే బత్తాయిలు. గంగాదేవి వాళ్ల నాయనకు వేంపల్లె దగ్గర చీనీతోట ఉంది, కాయలు ఆయన పంపాడు. మా కమాటి మార్తమ్మ రొట్టెలు చుడుతూ ఒకటే గొణుగుడు.

"కారం లేకుండా తినేదానికి వీళ్లేమన్నా కాన్పయినోళ్లా అక్కా? చూస్తాండు, ఒక్కరు తింటే నా పేరు మార్తమ్మ కాదు."

"అయితే రేపటి నుంచి ఏ పేరుతో పిలిచేది నిన్ను?" అన్నాను.

పిల్లలు మొహాలు చిట్లించారు. ఒకరిద్దరు, జ్వరమొచ్చినోళ్ల తిండని నన్ను ఏడిపించారు. ఆకలికి తిన్నారు, చీనీకాయలు మాత్రం తొక్క ఒలిచి ఆశగా తిన్నారు. నడక మళ్లీ మొదలైంది. సాయంత్రం మేడమ్ ఒక్కొక్క సీసా ఎత్తి, ఊపి చూసింది. అన్నిట్లోనూ నీళ్లు గలగలమన్నాయి.

"రేపే కొండ," అంది. మైదానమంతా కేకలు. "నువ్వు కూడా పోదువులే ఓబులమ్మా. మరి రాత్రికి అన్నమెవరు వండేది?"

ఆ లెక్క నేను వేసుకోలేదు. వెనకనుంచి మార్తమ్మ, "నా మోకాళ్లకు కొండెందుకు మేడమ్? నేను వండుతా. కారం మాత్రం దండిగా ఏస్తా," అంది.

ఆ వారంలో నేను నేర్చుకున్నది చిన్న విషయమే. అప్పటిదాకా ఎంతమంది తింటారని మాత్రమే అడిగి వండేదాన్ని. ఎక్కడ తింటారో, అక్కడ నీళ్లు ఎన్ని ఉంటాయో అడిగాకే ఏం వండాలో తేల్చుకోవాలి. తర్వాత రిటైరయ్యేదాకా అట్లాగే చేశాను.

మర్నాడు తెల్లవారకముందే రొట్టెలు కాల్చి, అందరి మూటలూ కట్టించాను. వంటగది తాళంచెవి కొంగు ముడిలోంచి విప్పి మార్తమ్మ చేతిలో పెట్టాను. ఏటా దబరలకొచ్చే ఆటో ఆయన విహారమని విని, అలవాటుకొద్దీ గేటు దగ్గర హారన్ కొట్టాడు. ఈరోజు ఆటో అక్కర్లేదప్పా అని చెప్పి, నా మూట భుజానికి తగిలించుకుని, గంగాదేవి వెనక వరుసలో నిలబడ్డాను.